ఫ్రీజరు ఎంతుందో చూసి కోళ్ళు పెంచండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో అయిదుగురం. పెరట్లో పాత పశువుల కొట్టం ఖాళీగా ఉంది. ఎనిమిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. కూల్‌డ్రింకుల కొట్టు మూసేశాక మిగిలిన 200 లీటర్ల డీప్ ఫ్రీజరు కూడా ఉంది. పోయిన వేసవిలో బండిమీద రంగు పిల్లలు పది, తెలిసినవాళ్ళ ద్వారా బ్రాయిలర్ పిల్లలు పదిహేను తెచ్చి పెంచాం. రంగు పిల్లలు మూడు నెలలైనా కిలో దాటలేదు. బ్రాయిలర్లలో నాలుగింటికి కాళ్ళు పడిపోయాయి, మూడు మే నెల ఎండకు చచ్చిపోయాయి. మిగిలినవన్నీ ఒకే రోజు కోయించి అప్పటికప్పుడే ఫ్రీజర్లో పెడితే, వండినప్పుడు ముక్క రబ్బరులా సాగింది. అడుగున పెట్టిన పాకెట్లు వాసన కూడా వచ్చాయి. ఈసారి సంక్రాంతికి యాభై బ్రాయిలర్లు పెంచి దాచుకుందామని ఉంది. మేత కొనక్కర్లేదు, నూకలూ తవుడూ చాలని మా అత్తగారు అంటారు. ఎలా చేస్తే బాగుంటుంది?

జవాబు: యాభై వద్దండి, ఇరవై అయిదు చాలు. మీ కొట్టం తొంభై ఆరు చదరపుటడుగులు. రెండు కిలోల కోడికి ఒక చదరపుటడుగు సరిపోతుంది కాబట్టి యాభై కోళ్ళు అందులో హాయిగానే పడతాయి. ఇబ్బంది కొట్టంతో కాదు, ఫ్రీజరుతో.

రెండు కిలోల బ్రాయిలర్‌ను స్కిన్‌లెస్ కొడితే దాదాపు కిలో మూడు వందల గ్రాముల మాంసం వస్తుంది. యాభైకి అరవై అయిదు కిలోలు. మీ ఫ్రీజర్లో అంత పట్టవచ్చు, కానీ పట్టడం వేరు, గడ్డకట్టించడం వేరు. ఇంటి ఫ్రీజరు ఒక ఘనపుటడుగుకి, అంటే సుమారు 28 లీటర్ల జాగాకి, రోజుకు కిలో నుంచి కిలో పావు దాకా మాత్రమే సరిగ్గా గడ్డకట్టించగలదు. ఆ లెక్కన 200 లీటర్లకు రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోలు. అయిదారు కోళ్ళన్నమాట. అంతకుమించి ఒకేసారి నింపితే మధ్యలో, అడుగున ఉన్న పాకెట్లు ఒకటి రెండు రోజులపాటు గడ్డకట్టకుండా చల్లగా మాత్రమే ఉంటాయి. ఆ వ్యవధిలోనే పాడవుతాయి. మీ అడుగు పాకెట్లు వాసన వచ్చింది ఇందుకే. ఫ్రీజరు చెడిపోయిందని మెకానిక్‌ను పిలవకండి.

ఇరవై అయిదయితే రోజు విడిచి రోజు అయిదేసి చొప్పున అయిదు విడతల్లో కోసుకోవచ్చు. యాభైని ఇలా కోయాలంటే చివరి విడత వచ్చేసరికి యాభై రోజులు దాటిపోతుంది. అప్పటికి కోడి రోజుకు నూట యాభై గ్రాములకు పైగా తింటూ, తిన్నదానికి తగ్గ మాంసం పెట్టదు. పైగా కాళ్ళూ గుండే ఆ బరువు మోయలేక ఉన్నట్టుండి పడిపోతాయి. వారానికి రెండుసార్లు కిలో చొప్పున వండుకునే ఇంటికి ఇరవై అయిదు కోళ్ళ మాంసం నాలుగు నెలలు వస్తుంది. కావాలంటే పండగ తరవాత ఇంకో జట్టు దింపండి.

తేదీలు పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. పిల్లలు నవంబర్ 29న దిగితే జనవరి 4కి ముప్పై ఆరు రోజులు. 4, 6, 8, 10, 12 తేదీల్లో కోస్తే భోగికి పని మిగలదు. రెండో జట్టును జనవరి ఆఖరులో దింపితే మార్చి రెండో వారానికి అయిపోతుంది. ఆ తరవాత జూన్ చివర వానలు పడేదాకా మళ్ళీ పెట్టుకోవద్దు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికున్న దారి. నీడలో నలభై డిగ్రీలు దాటే పల్నాడు మే నెలలో రెండు కిలోల బ్రాయిలర్‌ను రేకుల కింద బతికించడం ఫారాలవాళ్ళకే కష్టం. మీవి మూడే పోయాయంటే నయమనుకోవాలి.

ఒక్కమాట. ఖర్చు కలిసివస్తుందని మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఇంట్లో పెంచిన బ్రాయిలర్ బజారు కోడికంటే చవకగా పడటం అరుదు. డబ్బే ముఖ్యమైతే కార్తీకమాసంలో తినేవాళ్ళు తగ్గి ధర దిగినప్పుడు కొని ఫ్రీజర్లో పెట్టుకోవడం మేలు. ఏం తిని పెరిగిందో, మందులేం పడ్డాయో తెలిసిన మాంసం కావాలంటే అప్పుడు పెంచుకోండి.

ఇక పిల్లల సంగతి. బండిమీద అమ్మే రంగు పిల్లలు చాలావరకు గుడ్ల కోళ్ళ జాతి మగపిల్లలు. గుడ్లు పెట్టవు గనక హేచరీకి పనికిరావు, రంగు పూసి పది ఇరవైకి అమ్మేస్తారు. ఎంత మేపినా వాటికి బ్రాయిలర్ రొమ్ము రాదు. వాటి జోలికి వెళ్ళకండి. బ్రాయిలర్ పిల్లలు హేచరీలో వందల లెక్కన పోతాయి, మీకు ఇరవై ఏడు విడిగా ఇవ్వరు. (ఇరవై అయిదు చేతికి రావాలంటే ఇరవై ఏడు తేవాలి.) సొంతంగా పెట్టుబడి పెట్టి ఫారం నడిపేవాళ్ళనో, కోళ్ళ మేత కొట్టువాళ్ళనో అడిగి, వాళ్ళ పెట్టెలతోపాటు మీవీ తెప్పించుకోండి. కంపెనీ ఒప్పందంమీద పెంచే రైతుల దగ్గర అడగవద్దు, ఆ పిల్లలు కంపెనీవి, అమ్మే హక్కు రైతుకు లేదు. బొడ్డు మానిపోయి, కళ్ళు మెరుస్తూ, వెల్లకిలా పడుకోబెడితే వెంటనే లేచే పిల్లను తీసుకోండి.

నాటుకోడి రుచి కావాలంటే అది వేరే లెక్క. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం వనరాజా, శ్రీనిధి లాంటి రకాలను పెరటి పెంపకానికే తయారుచేసింది. ఎండను బాగా ఓర్చుకుంటాయి, తిరిగి మేస్తాయి. కిలోన్నర తూగడానికి మూడు నెలలు పట్టవచ్చు, కిలో మాంసానికి అయ్యే మేత కూడా ఎక్కువే. ముప్పై ఆరు రోజుల్లో తేలిపోవాలంటే బ్రాయిలరే.

మేత దగ్గర మీ అత్తగారి మాట నాటుకోడికి నూటికి నూరుపాళ్ళూ నిజం. నూకలు మనం వేసినా, పురుగులూ ఆకులూ అది పెంటకుప్పమీద ఏరుకుని లోటు పూడ్చుకుంటుంది. బ్రాయిలర్ అలా ఏరుకోదు. నలభై గ్రాముల పిల్ల అయిదు వారాల్లో రెండు కిలోలు కావాలి. నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం చుట్టుపక్కల ఉంటాయి, దానికి కావలసింది ఇరవై పైన. ఎముక కట్టడానికి కాల్షియం, భాస్వరం కూడా నూకల్లో తక్కువ. మీ కోళ్ళ కాళ్ళు పడిపోవడానికి మొదట అనుమానించాల్సింది ఈ మేతనే. ఒకవేళ వేళ్ళు లోపలికి ముడుచుకుని మడమలమీద కూర్చుంటే అది బీ2 విటమిన్ లోపం. మొదట్లోనే గుర్తిస్తే బీకాంప్లెక్స్ నీళ్ళలో ఇస్తే లేస్తాయి, ముదిరితే లేవవు.

అందువల్ల కంపెనీ మేతే కొనండి. పది రోజుల దాకా ప్రీ స్టార్టర్, అక్కడినుంచి ఇరవై ఒకటో రోజు దాకా స్టార్టర్, ఆ తరవాత ఫినిషర్. కోడికి మొత్తం మూడు కిలోల నాలుగు వందల గ్రాములు పడుతుంది. మీ జట్టుకు ప్రీ స్టార్టర్ ఎనిమిది కిలోలు, స్టార్టర్ ఇరవై నాలుగు, ఫినిషర్ యాభై ఎనిమిది అనుకోండి. స్టార్టర్ వరకు విడి కిలోల్లో ఇచ్చే కొట్టు చూసుకోండి, బస్తా కొంటే సగం మిగిలి పుచ్చుతుంది. బస్తాను నేలమీద కాక చెక్కమీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. చెమ్మ తగిలి బూజు వాసన వచ్చిన మేత పారేయండి, ఎండబెట్టి వేయడం వద్దు. బూజు విషం ఎండకు పోదు. ముప్పయ్యో రోజు తరవాత కాస్త నూకలు కలుపుతామంటే కలపండి, పదిలో ఒక వంతు మించకుండా. అత్తగారి మాట కూడా నిలబెట్టినట్టుంటుంది.

ఎదుగుదల సరిగా ఉందో లేదో తూకమే చెబుతుంది. వారం నాటికి పిల్ల దిగిన నాటి బరువుకు నాలుగింతలు ఉండాలి, అంటే నూట అరవై గ్రాములు. ఇరవై ఒకటో రోజుకు ముప్పావు కిలో పైన. వారంనాడే వెనకబడితే మేతను తప్పుపట్టే ముందు వెచ్చదనం చూడండి.

మొదటి వారంలో వాటికి కావలసింది 35 డిగ్రీల వేడి. తరవాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. డిసెంబర్ రాత్రులు చలి కాబట్టి 60 వాట్ల బల్బులు రెండు పెట్టండి, ఒకటి మాడినా రెండోది ఉంటుంది. పాత రకం ఫిలమెంట్ బల్బులే కావాలి. ఎల్ఈడీ వెలుతురిస్తుంది తప్ప పిల్లలకు చాలిన వేడి ఇవ్వదు, ఈ పొరపాటుతో తెల్లారేసరికి గుట్టగా చచ్చిన పిల్లల సంగతి తరచూ వినిపిస్తుంది. అడుగున్నర ఎత్తు అట్టముక్కతో నాలుగడుగుల అడ్డకొలతన గుండ్రంగా కంచె కట్టండి. మూలలుంటే పిల్లలు అక్కడ ఒకదానిమీద ఒకటి ఎక్కి నలిగిపోతాయి. నేలమీద మూడంగుళాల మందాన ఎండిన వరి ఊక పరిచి, మొదటి రెండు మూడు రోజులు పైన కాస్త గరుకుగా ఉండే కాగితం వేయండి. నున్నటి కాగితంమీద కాళ్ళు జారి విడిపోతాయి. పిల్లలు రావడానికి అయిదు గంటల ముందే బల్బులు వేసి ఊకను వేడెక్కించండి. రాగానే లీటరు నీటికి యాభై గ్రాముల బెల్లం కలిపి తాగించి, గంట రెండు గంటలకు మేత చల్లండి.

థర్మామీటర్ కంటే పిల్లలనే చూడండి. బల్బు కింద గుంపు కడితే చలి, కంచె అంచుకు పారిపోయి రొప్పుతుంటే వేడి ఎక్కువ, ఒకే పక్కకు చేరితే ఇంకో పక్కనుంచి గాలి కొడుతోంది. పొలంలో విత్తనం చల్లినట్టు సమంగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి. బొగ్గుల కుంపటి మూసిన కొట్టంలో పెట్టవద్దు, ఆ పొగ కోళ్ళనే కాదు, కాపలా పడుకున్న మనిషినీ చంపుతుంది. వారం పది రోజులకు కంచె తీసేసి, రాత్రి ఆరు గంటలు చీకటి ఇవ్వండి. రేయింబవళ్ళు దీపం వెలిగితే రేయింబవళ్ళు తింటాయి, కాళ్ళు గట్టిపడకముందే ఒళ్ళు పెరుగుతుంది.

టీకాల్లో రెండు తప్పనిసరి. కొక్కెర తెగులుకు లసోటా టీకా అయిదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లో చుక్క, గంబోరో అనే జబ్బుకు పన్నెండు నుంచి పద్నాలుగో రోజు మధ్య. ఇరవై ఒకటో రోజున లసోటా మళ్ళీ నీళ్ళలో. సీసాలు వందల డోసుల్లో వస్తాయి, మూత తీశాక రెండు గంటల్లో వాడేయాలి, ఐసులోనే తేవాలి. అందుకే మీ ఊళ్ళో కోళ్ళున్న నలుగురూ కలిసి తెచ్చుకోవడం, లేదా పశువైద్యశాలలో మాట్లాడుకోవడం మంచిది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే టీకా చచ్చిపోతుంది, లీటరుకు అయిదు గ్రాముల పాలపొడి కలపండి.

మూడో వారం తరవాత రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు. దానికి మూలం తడి ఊక. నీళ్ళ గిన్నె అంచు కోడి వీపు ఎత్తులో ఉంచితే ఒలకదు. తడిసిన ఊక ఆ పూటే తీసి పొడిది వేయండి. జబ్బు వస్తే ఇరవై శాతం ఆంప్రోలియం పొడి లీటరుకు 1.2 గ్రాముల చొప్పున మూడు నుంచి అయిదు రోజులు ఇస్తారు, డాక్టరును అడిగే ఇవ్వండి. మందు ఆపిన ఎన్ని రోజులకు కోయవచ్చో కూడా అప్పుడే అడిగి గోడమీద తేదీ రాసుకోండి. బలానికని మందుల కొట్టువాళ్ళు అంటగట్టే యాంటీబయాటిక్ పొడులు ముట్టుకోకండి. వాటిలో ఒకటైన కొలిస్టిన్‌ను పశువులకూ కోళ్ళకూ వాడకూడదని కేంద్రం 2019లోనే నిషేధించింది.

ఇప్పుడు కోత. ముందురాత్రి నుంచి ఎనిమిది పది గంటలు మేత ఆపండి, నీళ్ళు ఆపవద్దు. పేగు నిండుగా ఉంటే కోసేటప్పుడు చిట్లి మాంసమంతా పాడవుతుంది. అయిదు లీటర్ల నీళ్ళ క్యాన్ అడుగు కోసేసి, మూతి కాస్త వెడల్పు చేసి, మేకుకు తలకిందులుగా కట్టండి. కోడిని తల కిందకు వచ్చేలా అందులో దించితే రెక్కలు కొట్టుకోదు, ఎముకలు విరగవు, ముక్కమీద నెత్తురు కమిలిన మచ్చ ఉండదు. కోత మీ ఆచారం ప్రకారం చేసుకోండి, రక్తం మాత్రం రెండు మూడు నిమిషాలు పూర్తిగా కారనివ్వాలి.

తోలు ఉంచాలా తీయాలా అన్నది మీ ఇష్టం. ఫ్రీజరుకైతే తోలుతో ఉంచమనే చెబుతాం. తోలు లేని ముక్క త్వరగా తేమ పోయి, తెల్లబారి పీచులా అవుతుంది, తోలు దాన్ని కాపాడుతుంది. వండే ముందు తీసేసుకోవచ్చు. తోలుతో ఉంచాలంటే ఈకలు పీకాలి, దానికి 60 డిగ్రీల నీళ్ళు కావాలి. మరిగే నీళ్ళు, మామూలు నీళ్ళు సమంగా కలిపితే గిన్నె లాక్కునే వేడి పోను అంతే వస్తుంది. కోడిని నిమిషం పాటు ముంచి కదుపుతూ, రెక్క ఈక లాగితే సులువుగా రాగానే తీసేయండి. ఇంకాసేపు ఉంచితే తోలు ఉడికి చినుగుతుంది. నాటుకోడిలా పసుపు రాసి మంటమీద కాల్చడం బ్రాయిలర్ లేత తోలుకు పనికిరాదు. కడుపు కోసేటప్పుడు కార్జం పక్కనున్న ఆకుపచ్చ పిత్తం తిత్తి చిట్లకుండా చూసుకోండి. తోక మీదున్న నూనె గ్రంథి తీసేయండి, వాసన దానిదే.

మీ మాంసం రబ్బరు కావడానికి కారణం ఈ తరవాతి గంటల్లో ఉంది. ప్రాణం పోయిన కాసేపటికి కండరాలు బిగుసుకుంటాయి. కోడికి ఆ బిగువు వదలడానికి కొన్ని గంటలు పడుతుంది. బిగుసుకునే దశలోనే ముక్కలు కొట్టినా, వండినా, గడ్డకట్టించినా ఆ బిగువు అలాగే ఉండిపోతుంది. తరవాత ఎన్ని విజిళ్ళు వేసినా పూర్తిగా పోదు. కాబట్టి కోసిన కోడిని ముక్కలు కొట్టకుండా, ఎముకమీదే, అయిదు కిలోల ఐసు, అయిదు లీటర్ల నీళ్ళు ఉన్న పెద్ద బకెట్లో ముంచండి. గంటన్నరకు, ఐసు కరిగితే ఇంకాస్త వేసి, లోపలిదాకా చల్లబడనివ్వండి. నాలుగు గంటల్లోపు మాంసం లోపల 4 డిగ్రీలకు రావాలి. తరవాత నీళ్ళు వాడ్చి, ఫ్రిజ్ కింది అరలో పళ్ళెంలో మూతపెట్టి ఒక రాత్రంతా, వీలైతే ఇరవై నాలుగు గంటలు ఉంచండి. మర్నాడు తొడ పట్టి కదిపితే వదులుగా ఆడుతుంది. అప్పుడు ముక్కలు కొట్టండి. రోజు విడిచి రోజు కోయమన్నది ఫ్రిజ్‌లో ఈ చోటు కోసం కూడా.

పాకెట్ కిలో మించకూడదు. ఒక పూటకు వండేంతే ఒక్కోదానిలో పెట్టి, అంగుళం మందాన పలకలా చదును చేయండి. ఉండలా ఉంటే మధ్యలో గడ్డకట్టదు. కూరగాయల కవర్లు పలచన, గాలి దూరుతుంది. మందపాటి కవరు తీసుకుని, మాంసం వేసి, మూతి పైకి పట్టుకుని నీళ్ళ బకెట్లో మెల్లగా దించండి. నీటి ఒత్తిడికి గాలంతా పైకి పోతుంది, అప్పుడు మూతి బిగించండి. తేదీ రాయండి. ఉప్పు పట్టించి దాచవద్దు, కొవ్వు త్వరగా కమురు వాసన కొడుతుంది. మొదటి రోజు పాకెట్లను ఫ్రీజరు గోడలకు ఆనించి, మధ్య సందులతో పెట్టండి, గట్టిపడ్డాక మర్నాడు దొంతర పెట్టుకోవచ్చు. థర్మామీటరు పాకెట్ల మధ్య పెట్టి చూడండి, మైనస్ 18 ఉండాలి. కొట్టులో వాడిన ఫ్రీజర్లలో కొన్నిటిని డ్రింకుల కోసం కూలర్‌గా మార్చే స్విచ్చి ఉంటుంది, అది ఎటు ఉందో ముందు చూడండి. ముక్కలు తొమ్మిది నెలల దాకా రుచిగా ఉంటాయి, కార్జం, కందనకాయ మూడు నెలల్లో తినేయండి.

కరెంటు పోతే మూత తీయకపోవడమే మందు. నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు, సగం ఉన్నది ఒక రోజు కాస్తుంది, ఎండాకాలం ఇంకా తక్కువ. ఖాళీ చోట నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టండి. ఊరెళ్ళేటప్పుడు గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి పైన ఒక రూపాయి బిళ్ళ ఉంచండి, తిరిగొచ్చేసరికి బిళ్ళ అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, ఆ మాంసం వండకండి. వండుకునే ముందురోజే పాకెట్‌ను ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. వంటింటి గట్టుమీద కరిగించడం, కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించడం రెండూ వద్దు.

జట్టు అయిపోయాక ఊకంతా ఎత్తి పెరటి మూల కుప్ప వేసి తడిపి రెండు నెలలు కుళ్ళనివ్వండి, పచ్చిది మొక్కలకు వేస్తే వేర్లు మాడతాయి. పేగులూ ఈకలూ రెండడుగుల లోతున సున్నం చల్లి పూడ్చండి, లేకపోతే కుక్కలు తవ్వుతాయి. కొట్టానికి సున్నం కొట్టి పదిహేను రోజులు ఖాళీగా వదలండి. ఈలోగా మీ అత్తగారి నాటుకోళ్ళుంటే వాటినీ అటు రానివ్వద్దు, బ్రాయిలర్లు ఉన్నప్పుడైతే అసలే వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాలు ఎలా ఖాళీ అయ్యాయో చూశాం కదా. ఒక్క రోజులో మూడు నాలుగు కోళ్ళు కారణం తెలియకుండా పోతే కోసుకుని తినకండి, అమ్మకండి, పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.